కంపెనీ కొలతలకు బయట ఉన్న అన్యూరిజంకి స్టెంట్ గ్రాఫ్ట్ వేయించొచ్చా?

పరకాల నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల బాపుకి (నాన్నకి) 72 ఏళ్లు. మూత్రం సరిగా రావడం లేదని వరంగల్‌లో కడుపు స్కానింగ్ తీయిస్తే, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి ఉందని బయటపడింది, దీన్నే అన్యూరిజం అంటాం. సిటి యాంజియో తీస్తే ఆ ఉబ్బు 6.1 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో ముగ్గురు డాక్టర్లను కలిస్తే ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. మొదటాయన "నెక్ (ఉబ్బుకు పైన గ్రాఫ్ట్ పట్టుకునే చోటు) పొట్టిగా ఉంది, కంపెనీ చెప్పిన కొలతలకు బయట ఉంది, అయినా మామూలు స్టెంట్ గ్రాఫ్ట్ (నాళం లోపల వేసే గుడ్డ గొట్టం) వేయొచ్చు" అన్నారు. రెండో ఆయన పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషనే మంచిదన్నారు. మూడో ఆయన, కిడ్నీ నాళాలకు రంధ్రాలు వదిలిన గ్రాఫ్ట్‌ను మీ బాపు కొలతలకు చేయించాలి, దానికి రెండు మూడు నెలలు ఆగాలి అన్నారు. "కంపెనీయే వద్దన్న చోట ఎట్లా వేస్తారు? మా బాపు మీద ప్రయోగం చేస్తున్నారా?" అని మీరు అడిగారు.

రిపోర్టులో ఉన్నవి ఇవీ: నెక్ పొడవు 9 మిల్లీమీటర్లు, వంపు 68 డిగ్రీలు, కుడివైపు ఇలియాక్ నాళం (కాలు వైపు పోయే నాళం) 22 మిల్లీమీటర్లు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.4. బీపీ ఉంది, షుగర్ లేదు. గుండె పంపింగ్ బాగానే ఉంది. చుట్ట నిరుడు మానేశారు.

నేను హన్మకొండలో రక్తనాళాల సర్జన్‌ని. ఇలాంటి గ్రాఫ్ట్‌లు వేశాను. వేరే చోట వేసినవి కొన్నేళ్లకు లీకై నా దగ్గరికి వస్తే సరిచేశాను. కాబట్టి రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నా. ఇది ప్రయోగం కాదు, మోసం అంతకన్నా కాదు. అయితే "వేయగలరా?" అని అడిగితే అందరూ "వేయగలం" అనే అంటారు, అది నిజం కూడా. ఆపరేషన్ రోజు దాదాపు ప్రతి గ్రాఫ్ట్ బాగానే కూర్చుంటుంది. మూడో రోజో నాలుగో రోజో నడుచుకుంటూ ఇంటికి వస్తారు. కొలతల లోపల వేసినదానికీ బయట వేసినదానికీ తేడా కనబడేది మూడేళ్లకో ఐదేళ్లకో. మీరు ముగ్గురినీ అడగాల్సింది ఆ ఐదో ఏడాది సంగతి.

ముందు ఒక మాట. దీన్ని గుండె స్టెంట్‌తో కలపకండి. మన దగ్గర స్టెంట్ అనగానే గుండె అనుకుని, "మా మేనమామకు రెండు వేశారు, ఏమీ కాలేదు" అని ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు. గుండె స్టెంట్ మూసుకుపోతున్న నాళాన్ని తెరిచి ఉంచుతుంది. ఇది దానికి పూర్తిగా వేరే పని. పొట్టలో వెన్నెముక ముందు నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం మామూలుగా రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మూడు దాటితే అన్యూరిజం అంటాం. మగవాళ్లలో 5.5 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం, ఆడవాళ్లలో 5 దగ్గరే. గోడ పలచబడి ఉబ్బిన ఆ భాగం పగిలితే బతికి బయటపడేవాళ్లు చాలా తక్కువ, ఎక్కువమంది ఆస్పత్రికే చేరలేరు. స్టెంట్ గ్రాఫ్ట్ అంటే లోహపు జాలీకి కుట్టిన గుడ్డ గొట్టం. గజ్జల దగ్గరి నాళంలోంచి పైకి ఎక్కించి, ఉబ్బుకు పైన ఒక చోట, కింద రెండు కాళ్ల వైపు రెండు చోట్ల పట్టు దొరికేలా తెరుస్తాం. ఆ తర్వాత రక్తం గొట్టంలోంచే పోతుంది. ఉబ్బిన సంచిలో ఒత్తిడి తగ్గుతుంది. ఉబ్బు అక్కడే ఉంటుంది, తీసేయం. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పైన పట్టు దొరికే చోటు కిడ్నీ నాళాలకు కిందా, ఉబ్బుకు పైనా ఉన్న చిన్న ముక్క. దాన్నే నెక్ అంటాం. మన దగ్గర బోరు వేసేటప్పుడు కేసింగ్ పైపును గట్టి రాయిలో దించుతారు కదా. రాయి తగిలిందో లేదో చూసుకోకుండా మెత్తటి మట్టిలోనే ఆపేస్తే మొదటి వారం నీళ్లు తేటగానే వస్తాయి, తర్వాత పైపు పక్క నుంచి బురద దిగడం మొదలవుతుంది. నెక్ ఇక్కడ ఆ రాయి. ఎంత పొడవుంటే, ఎంత తిన్నగా ఉంటే, గోడ ఎంత ఆరోగ్యంగా ఉంటే పట్టు అంత గట్టిగా ఉంటుంది. పట్టు తప్పి పైనుంచి రక్తం గ్రాఫ్ట్ పక్కగా సంచిలోకి దిగడాన్ని టైప్ 1ఏ ఎండోలీక్ అంటాం. దీన్ని చూసీ చూడనట్టు వదలకూడదు. సంచి మీద మళ్లీ పూర్తి ఒత్తిడి పడుతుంది, అంటే ఆపరేషన్ కానట్టే లెక్క. ఇంకో రకం ఉంది, టైప్ 2. నడుము వైపు చిన్న నాళాల్లోంచి వెనక్కి కొద్దిగా రక్తం రావడం. రిపోర్టులో "ఎండోలీక్" అన్న ఒక్క మాట చూసి ఇల్లంతా టెన్షన్ పడతారు గానీ, టైప్ 2ను ఎక్కువసార్లు కనిపెట్టి చూస్తే చాలు. సంచి పెరుగుతుంటేనే దాని జోలికి వెళ్తాం.

ఇక కంపెనీ కొలతల సంగతి. ప్రతి గ్రాఫ్ట్ పెట్టెతో పాటు వాడకం సూచనల పుస్తకం వస్తుంది, మేం ఐఎఫ్‌యూ అంటాం. నెక్ కనీసం ఎంత పొడవుండాలి, ఎంత వెడల్పు దాటకూడదు, ఎంతకంటే ఎక్కువ వంగకూడదు, కింద నాళాలు ఎంత ఉండాలి అని అందులో రాసి ఉంటుంది. జెనిత్, ఎక్స్‌క్లూడర్ లాంటివి మొదట వచ్చినప్పుడు 15 మిల్లీమీటర్ల నెక్ అడిగేవి. తర్వాత వచ్చిన ఎండ్యూరంట్ 10 మిల్లీమీటర్లకు దిగింది. వంపు విషయంలో చాలావాటికి 60 డిగ్రీలే హద్దు. ఈ అంకెలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. అనుమతి కోసం కంపెనీ చేసిన ట్రయల్‌లో ఎలాంటి నెక్ ఉన్నవాళ్లను చేర్చుకున్నారో దాన్నిబట్టే వచ్చాయి. ఆ హద్దు లోపల గ్రాఫ్ట్ ఎలా పనిచేస్తుందో లెక్క ఉంది. బయట పనిచేయదని కాదు, అక్కడ కంపెనీ పూచీ ఉండదు, డాక్టర్ తన అనుభవం మీద వెళ్తున్నాడని అర్థం. అలా వెళ్లడం చట్టవిరుద్ధమేమీ కాదు. ప్రపంచమంతా చేస్తున్నారు. కాకపోతే పేషెంటుకు చెప్పి చేయాలి. మీకు మొదటాయన నోరు విప్పి "బయట ఉంది" అని చెప్పారు చూడండి, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

ఆ హద్దులు శాశ్వతం కావని కూడా తెలుసుకోండి. కొత్త డిజైన్లు వస్తే సడలుతాయి. ఫలితాలు చెడితే బిగుసుకుంటాయి. నెల్లిక్స్ అని ఒక గ్రాఫ్ట్ వచ్చింది. ఉబ్బిన సంచినే పాలిమర్‌తో నింపేసే పద్ధతి కాబట్టి లీకుల బాధే ఉండదని మొదట్లో చాలా ఆశ పెట్టుకున్నారు. రెండు మూడేళ్లు గడిచేసరికి గ్రాఫ్ట్ కిందికి జారడం, లీకులు, సంచి పెరగడం కనబడ్డాయి. కంపెనీ కొలతలను బాగా కుదించింది, అయినా సరిపోక 2019 జనవరిలో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మొదటి ఏడాది రిపోర్టులు చూసి సంబరపడకూడదని మా రంగంలో అందరికీ గట్టిగా తెలిసొచ్చింది అప్పుడే.

ఇప్పుడు లెక్కలు. ఇందులో బాగా పేరున్నది అమెరికాలో 1999 నుంచి 2008 దాకా గ్రాఫ్ట్ వేయించుకున్న 10,228 మంది సిటి స్కాన్లు కొలిచి చేసిన అధ్యయనం. 2011లో సర్క్యులేషన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అన్నిటికంటే కఠినమైన కొలతల ప్రకారం చూస్తే అందులో 42 శాతం మందే లోపల ఉన్నారు. అన్నిటికంటే సడలింపు ఉన్న కొలతలతో చూసినా 69 శాతమే. అంటే కొలతలు దాటి వేయడం అక్కడ ఎప్పుడో ఒకసారి జరిగే పని కాదు. ఐదేళ్లకు 41 శాతం మందిలో సంచి పెరిగింది. ఎవరిలో ఎక్కువ పెరిగిందంటే, వయసు 80 దాటినవాళ్లు, నెక్ 28 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో వెడల్పున్నవాళ్లు, వంపు 60 డిగ్రీలు దాటినవాళ్లు, ఇలియాక్ నాళం 20 మిల్లీమీటర్లు దాటినవాళ్లు, ఎండోలీక్ ఉన్నవాళ్లు. మీ బాపు రిపోర్టులో వీటిలో రెండు ఉన్నాయి.

ఆ 41 శాతం చూసి బెదిరిపోకండి. ఆ కాలంలో పాత గ్రాఫ్ట్‌లు చాలా ఉన్నాయి. పైగా ఏళ్లు గడిచాక కూడా స్కాన్లు తీయించుకుంటూ ఉండేవాళ్లలో ఏదో ఇబ్బంది ఉన్నవాళ్లే ఎక్కువ ఉండే అవకాశం ఉంది, బాగున్నవాళ్లు మానేస్తారు. సంచి పెరగడం, పగలడం ఒకటి కాదు. అయినా సంచి పెరుగుతోందంటే లోపల ఒత్తిడి ఉందని అర్థం. అది మంచి సంకేతం కాదు.

2013లో ఇంకో విశ్లేషణ వచ్చింది. నెక్ బాగున్నవాళ్లనూ, బాగాలేనివాళ్లనూ పోల్చిన ఏడు అధ్యయనాలను కలిపి చూశారు, మొత్తం 1,559 మంది. నెక్ బాగాలేనివాళ్లకు ఏడాది లోపు టైప్ 1 లీకు వచ్చే అవకాశం నాలుగు రెట్ల పైనే తేలింది. అన్యూరిజం కారణంగా చనిపోయే అవకాశం తొమ్మిది రెట్లు. తొమ్మిది రెట్లు అనగానే గుండె జారుతుంది గానీ, మంచి నెక్ ఉన్నవాళ్లలో ఆ మరణాలు చాలా తక్కువ, దానికి తొమ్మిది రెట్లు అని చదవాలి. మరోవైపు, అమెరికాలోనే ఒక పెద్ద ఆరోగ్య సంస్థ తన పేషెంట్లను చూసుకుని, కొలతలు పాటించినా పాటించకపోయినా ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2015లో రాసింది. మీ మొదటి డాక్టర్ దీన్నే చూపించొచ్చు. అది అబద్ధం కాదు.

మరి రెండు రకాల లెక్కలు ఎందుకు వస్తున్నాయి? నా ఉద్దేశంలో "బయట" అన్న ఒక్క గంపలో అన్నీ వేసేయడం వల్ల. ఒకరి నెక్ 14 మిల్లీమీటర్లు, కంపెనీ 15 అడిగింది, ఆయనా బయటే. ఇంకొకరిది 5 మిల్లీమీటర్లు, 80 డిగ్రీల వంపు, లోపల గడ్డకట్టిన రక్తం, ఈయనా బయటే. గజ్జల నాళం కాస్త సన్నగా ఉన్న అమ్మ కూడా లెక్కలో బయటే వస్తుంది, ఆమె ఇబ్బంది గ్రాఫ్ట్ ఎక్కించేదాకానే, ఎక్కించాక పట్టు బాగానే ఉంటుంది. ఆడవాళ్లు ఎక్కువగా కొలతలకు బయట పడటానికి ఈ సన్నటి నాళాలు ఒక కారణం. ఇన్ని రకాలను కలిపి సగటు తీస్తే తేడా కరిగిపోతుంది. అందులోనూ తనిఖీ సరిగా చేసే ఆస్పత్రిలో లీకును ముందే పట్టుకుని సరిచేస్తారు కాబట్టి మరణాల్లో తేడా కనబడదు, రెండో ఆపరేషన్లలో కనబడుతుంది.

కాబట్టి బయట అని చెబితే, ఏ కొలత, ఎంత బయట అని అడగండి. నా అనుభవంలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది నెక్. అందులోనూ ఒక్క లోపం ఉంటే నెట్టుకురావచ్చు. పొట్టి నెక్ తిన్నగా, సమంగా ఉంటే సరే. వంపున్న నెక్ పొడవుగా ఉంటే సరే. రెండూ కలిస్తేనే నాకు భయం. వంపులో గ్రాఫ్ట్ పైభాగం ఏటవాలుగా తెరుచుకుంటుంది. ఒక వైపు పట్టు దొరుకుతుంది, ఇంకో వైపు ఖాళీ మిగులుతుంది. కాగితం మీద 9 మిల్లీమీటర్లు ఉన్నా నిజంగా చుట్టూరా అతుక్కునేది నాలుగో ఐదో. కిందికి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే నెక్ ఇంకా పాడు. గ్రాఫ్ట్‌ను నాళం కంటే 10 నుంచి 20 శాతం పెద్దది ఎంచుకుంటాం, గట్టిగా నొక్కి ఉండాలని. నెక్ పొట్టిదని ఇంకా పెద్దది వేస్తే గుడ్డ ముడతలు పడి ఆ ముడతల్లోంచే లీకవుతుంది. దీనికి తోడు నెక్ గోడకే జబ్బు ఉంటే అది ఏళ్లు గడిచేకొద్దీ వెడల్పవుతూ పోతుంది. గ్రాఫ్ట్ దాని సైజు దాటి పెరగలేదు. ఏదో ఒక రోజు రెండింటి మధ్య సందు పడుతుంది. మూడేళ్లు, ఐదేళ్లు అని నేను పదే పదే అంటున్నది ఇందుకే.

22 మిల్లీమీటర్ల ఇలియాక్ గురించి మొదటాయన ఏమీ అనలేదంటే అందులో తప్పు లేదు. కింద వెడల్పుగా ఉండే గ్రాఫ్ట్ కాళ్లు దొరుకుతాయి, చాలావరకు కొలతల్లోనే పడుతుంది. తర్వాత అది కూడా పెరగొచ్చు కాబట్టి ఏటా దాన్ని కొలిపించడం మరిచిపోవద్దు, అంతే.

ఇక మీ ముందున్న మూడు దారులు. పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో ఉబ్బిన భాగం తెరిచి గుడ్డ గొట్టం కుట్టేస్తాం. కుట్టుకు ఇంత నెక్ అక్కర్లేదు, వంపుతో పెద్ద పని లేదు. కష్టమంతా మొదటి నెలలోనే. 2004లో వచ్చిన ఈవార్-1 అనే బ్రిటిష్ ట్రయల్‌లో మొదటి 30 రోజుల్లో స్టెంట్ గ్రాఫ్ట్ వాళ్లలో 1.7 శాతం, ఓపెన్ వాళ్లలో 4.7 శాతం చనిపోయారు. పదిహేనేళ్లు వెంబడించి చూస్తే ఆ మొదటి లాభం నిలవలేదు. ఎనిమిదేళ్లు దాటాక గ్రాఫ్ట్ వైపే మరణాలు ఎక్కువయ్యాయి, గ్రాఫ్ట్ ఉండగానే సంచి పగలడం అందులో ముఖ్యమైన కారణం. ఆ ట్రయల్‌లో చేరినవాళ్లంతా గ్రాఫ్ట్‌కు తగిన కొలతలు ఉన్నవాళ్లే. కొలతలు సరిపడినవాళ్లకే అట్లా ఉంటే సరిపడనివాళ్ల సంగతి ఊహించుకోండి.

రంధ్రాల గ్రాఫ్ట్‌ను ఫెనెస్ట్రేటెడ్ అంటారు. పట్టును కిడ్నీ నాళాల పైకి, ఆరోగ్యంగా ఉన్న గోడకు జరిపి, ఆ నాళాలకు ఎదురుగా రంధ్రాలు వదిలి, ఒక్కో నాళంలోకి చిన్న స్టెంట్ వేస్తారు. నెక్ 4 మిల్లీమీటర్లున్నా సరిపోయేలా చేసినది అమెరికాలో 2012 నుంచే అనుమతి పొంది ఉంది. చేయడానికి ఎక్కువసేపు పడుతుంది, రంగు మందు ఎక్కువ పడుతుంది, క్రియాటినిన్ 1.4 ఉన్నవాళ్లకు అది కొంచెం ఆలోచించాల్సిన విషయమే. ఖర్చు మామూలు గ్రాఫ్ట్‌కంటే చాలా ఎక్కువ. బయట తయారై రావాలి కాబట్టి ఆగాలి.

ఆగితే పగలదా? ఇది మీ మనసులో ఉన్న అసలు భయం అనుకుంటా. ఆపరేషన్ చేయించుకోని అమెరికన్ మాజీ సైనికులను గమనించి 2002లో వేసిన లెక్కలో, 6 నుంచి 6.9 సెంటీమీటర్ల ఉబ్బు ఏడాదిలో పగిలినది సుమారు నూటికి పదిమందిలో. తర్వాతి లెక్కలు ఇంకా తక్కువే చెబుతున్నాయి. ఎక్కువే పట్టుకున్నా, రెండున్నర నెలలకు నూటికి రెండు. అది తీసిపారేసే అంకె కాదు. కానీ ఈ భయంతోనే రేపే ఏదో ఒకటి వేయించేద్దాం అనుకోవడానికీ సరిపోదు. కడుపులోనో నడుములోనో కొత్త నొప్పి మొదలైతే మాత్రం ఈ లెక్క చెల్లదు, అప్పుడు ఆగకూడదు.

ఇంకో మధ్యదారి ఉంది, ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. మామూలు గ్రాఫ్ట్ వేసి, దాని పైభాగాన్ని నాళం గోడకు చిన్న చిన్న మెలికల స్క్రూలతో లోపలి నుంచే బిగించడం. ఎండోయాంకర్ అంటారు. ఎండ్యూరంట్ గ్రాఫ్ట్‌తో కలిపితే 4 నుంచి 10 మిల్లీమీటర్ల నెక్‌కు కూడా దీనికి అనుమతి ఉంది. అంటే మీ బాపు 9 మిల్లీమీటర్లు దీంతో కొలతల లోపలికి వస్తాయి, 68 డిగ్రీల వంపు మాత్రం ఇంకా బయటే ఉంటుంది. రెండు లోపాల్లో ఒకటి తగ్గుతుంది.

నా అభిప్రాయం అడిగితే, స్కాన్ ఫిల్ములు కళ్లతో చూడకుండా రిపోర్టు అంకెల మీద చెబుతున్నానని గుర్తుంచుకుని వినండి. 72 ఏళ్ల మనిషి, గుండె బాగుంది, చుట్ట మానేశారు. ఊపిరితిత్తుల పరీక్ష కూడా బాగుంటే ఓపెన్ ఆపరేషన్‌ను తేలిగ్గా పక్కన పెట్టను. ఇంకో పది, పన్నెండేళ్లు బతకాల్సిన మనిషి. ఊపిరితిత్తులు బాగాలేకపోతే రంధ్రాల గ్రాఫ్ట్‌ కోసం ఆగుతాను. 9 మిల్లీమీటర్లు, 68 డిగ్రీలు కలిసిన చోట ఒట్టి మామూలు గ్రాఫ్ట్ నా మొదటి ఎంపిక కాదు. ఇదే మనిషికి 86 ఏళ్లుండి, గుండె 30 శాతమే పనిచేస్తుంటే నా మాట మారుతుంది. అక్కడ మూడేళ్లు పనిచేసినా చాలు అనుకోవచ్చు, అసలు ఏమీ చేయకుండా బీపీ అదుపులో పెట్టుకోవడం కూడా ఒక దారే. ఓపెన్‌కు పనికిరానివాళ్లకు గ్రాఫ్ట్ వేసినా మొత్తం ఆయుష్షు పెరగలేదని ఈవార్-2 ట్రయల్ చెప్పింది. పగిలి వచ్చినవాళ్ల సంగతి వేరే. అర్ధరాత్రి పగిలిన సంచితో వస్తే కొలతల పుస్తకం పక్కన పెట్టి, ఏది సరిపోతే అది వేసి ప్రాణం నిలబెడతాం.

మొదటి డాక్టర్ దగ్గరికే వెళ్లాలనుకుంటే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇవి అడగండి. ఏ కంపెనీ గ్రాఫ్ట్, దాని కొలత ఎంత, మాది ఎంత. నెక్ కొలత స్కాన్ సెంటర్ రిపోర్టులోదా, లేక మీరే ఒక మిల్లీమీటర్ ముక్కల సిటితో నాళం మధ్యగీత వెంబడి కొలిచారా. ఇది చిన్న ప్రశ్న కాదు. వంగిన నాళాన్ని అడ్డంగా కోసిన బొమ్మల్లో కొలిస్తే తప్పు వస్తుంది. సరిగా కొలిస్తే 9 కాస్తా 12 అయ్యి పొడవు సమస్య పోవచ్చు, లేదా 6 అయ్యి మొదటి దారి పూర్తిగా మూసుకోవచ్చు. టేబుల్ మీదే లీకు కనబడితే అప్పటికప్పుడు ఏం చేస్తారు, పెద్ద బెలూన్, కఫ్ (పైన వేసే అదనపు గ్రాఫ్ట్ ముక్క), స్క్రూలు అక్కడ సిద్ధంగా ఉంటాయా. ఐదేళ్లకు లీకైతే ఎవరు చూస్తారు. గ్రాఫ్ట్ పూర్తిగా విఫలమైతే పొట్ట కోసి దాన్ని తీయాల్సి వస్తుంది. అది మొదటే చేసే ఓపెన్ ఆపరేషన్‌కంటే ప్రమాదకరం, అప్పటికి మనిషి వయసు కూడా పెరుగుతుంది. సమాధానం చెప్పడానికి విసుక్కునే డాక్టర్ అయితే ఇంకొకరిని చూసుకోండి.

ఇప్పుడు మన ఉత్తర తెలంగాణ సంగతి, ఎందుకంటే అమెరికా లెక్కలు ఎంత చదివినా ఆపరేషన్ తర్వాత మీరు ఉండేది పరకాలలో. గ్రాఫ్ట్ వేశాక నెలకు ఒక సిటి, ఏడాదికి ఇంకోటి, ఆ తర్వాత ఏటా డాప్లర్ స్కానో సిటినో. యూరోపియన్ మార్గదర్శకాలు 2019లో కొందరికి ఈ తనిఖీలను ఐదేళ్ల దాకా వాయిదా వేయొచ్చన్నాయి. కాని ఆ సడలింపు, కొలతల లోపల వేసి, లీకు లేకుండా, పట్టు కనీసం 10 మిల్లీమీటర్లు ఉన్నవాళ్లకే. మీ బాపు మామూలు గ్రాఫ్ట్ వేయించుకుంటే ఆ సడలింపు వర్తించదు. ఏటా చూపించుకోవాల్సిందే, బతికున్నంత కాలం.

నేను చూసినంతలో ఇక్కడే అంతా తెగిపోతుంది. భూపాలపల్లి, ములుగు, మంచిర్యాల నుంచి వచ్చేవాళ్లు మొదటి ఏడాది బుద్ధిగా వస్తారు. రెండో ఏడాది నాట్లు, ఆ తర్వాత మనవరాలి పెళ్లి. "నొప్పి లేదు కదా సార్" అంటారు. లీకుకు నొప్పి ఉండదు, నొప్పి వచ్చేది పగిలేటప్పుడే. ఈ ఏటేటా తిరుగుడు మా వల్ల కాదు అని మీ ఇంట్లో ముందే తెలిస్తే, సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పేయండి. ఓపెన్ వైపు మొగ్గడానికి అది చాలా మంచి కారణం. దానికి కూడా అప్పుడప్పుడు స్కాన్ కావాలి గానీ ఇంత కట్టడి ఉండదు. తనిఖీ స్కాన్లకు ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు, సిటి వరంగల్‌లోనే తీయించి సీడీ పంపొచ్చు. పాత సీడీలన్నీ ఒకే చోట దాచండి. సంచి పెరిగిందా లేదా అనేది పాతదానితో పోలిస్తేనే తెలుస్తుంది, రిపోర్టు కాగితం సరిపోదు. ఆరోగ్యశ్రీలో చేయించుకునేట్టయితే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి: ప్యాకేజీలో ఏ గ్రాఫ్ట్ వస్తుంది, అదనపు ముక్కలు వేయాల్సి వస్తే ఎవరు భరిస్తారు, తర్వాతి స్కాన్లు అందులో ఉన్నాయా.

నిర్ణయం అయ్యేలోపు రెండు మూడు పనులున్నాయి. చుట్ట మళ్లీ ముట్టనివ్వకండి, ఇంట్లో ఇంకెవరైనా కాలుస్తుంటే వాళ్లను బయటికి పంపండి. బీపీ మాత్ర ఒక్క పూట కూడా తప్పొద్దు. మూత్రం ఇబ్బంది ఉందన్నారు కాబట్టి ఇది ముఖ్యం: మూత్రంలో ఇన్ఫెక్షన్ అనగానే మన దగ్గర ఆర్ఎంపీ దగ్గర్నుంచి మెడికల్ షాపు దాకా సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ ఇచ్చేస్తారు. అన్యూరిజం ఉన్నవాళ్లకు వేరే మందు ఉన్నంతవరకు ఈ రకం వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో హెచ్చరించింది. మందుల చీటీ మీద "అన్యూరిజం 6.1" అని పెద్దక్షరాలతో రాయించి పెట్టుకోండి. నడుములోనో కడుపులోనో ఉన్నట్టుండి నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసినప్పుడు మొదటి మాటగా పొట్టలో అన్యూరిజం ఉందని చెప్పండి, సిటి సీడీ వెంట తీసుకెళ్లండి. ఆ వేళ ఏ ఆస్పత్రికి పోవాలో ఇప్పుడే మీ డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి. పరకాల నుంచి హైదరాబాద్ చేరేసరికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది, దారిలో ఆలోచించుకునే విషయం కాదు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెబుతున్నా. ఈ జబ్బు కుటుంబంలో నడుస్తుంది. మీ పెద్దబాపు, చిన్నాయన, అత్తమ్మలు యాభై దాటి ఉంటే వాళ్లకూ ఒక్కసారి కడుపు అల్ట్రాసౌండ్ తీయించండి, చుట్టో బీడీయో కాల్చేవాళ్లయితే తప్పకుండా. పెద్ద రక్తనాళం వెడల్పు కొలిచి రాయమని స్కానింగ్ డాక్టర్‌కు ప్రత్యేకంగా చెప్పాలి, లేకపోతే కిడ్నీ, లివర్ చూసి పంపించేస్తారు.